అధికారి లేని వేళ పులియరాదు

ఇంట్లో బీరు కాచుకోవచ్చునని ప్రభుత్వం అనుమతి ఇచ్చిన నాడు కొమరవరం పట్టణంలో సంతోషించినవాళ్లు వేలల్లో ఉన్నారు గాని, దరఖాస్తు పెట్టింది మాత్రం వేమగిరి పద్మాసని ఒక్కతే. దరఖాస్తు ఫారం నలభై రెండు పేజీలుంది. పదకొండో పేజీ దాటినవాళ్లు పట్టణంలో మరెవరూ లేరు. పద్మాసని ఇరవై ఆరేళ్లు మహిళా కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధించి, ఓపిక ఉండగానే స్వచ్ఛంద పదవీ విరమణ చేసిన మనిషి. ఎంత పొడుగు ఫారమైనా మొదటి గడి నుంచి చివరి గడి దాకా చదివి నింపడం ఆమెకు ఇష్టమైన వ్యాపకం. 'భర్త పేరు' అన్నచోట 'లేదు' అనీ, దాని కిందనే ఉన్న 'లేనిచో కారణములు' అన్నచోట 'తీరిక లేక' అనీ రాసింది. 'మద్యము సేవించు అలవాటు ఎన్నేళ్లుగా కలదు' అన్న ప్రశ్నకు 'రుచి చూచి ఉమ్మివేయు అలవాటు పదకొండేళ్లుగా కలదు' అని జవాబిచ్చింది.

అది అక్షరాలా నిజం. ఆమె మమకారం బీరు మీద కాదు, దాన్ని పులియబెట్టే ఈస్టు మీద. పదకొండేళ్ల కిందట ఒక తాటికల్లు ముంత అడుగున దొరికిన ఈస్టును ఆమె కళాశాల ప్రయోగశాలలో వేరు చేసి, గాజు గొట్టాల్లో పెట్టి, మూడు నెలలకోసారి కొత్త ఆహారం వేస్తూ బతికించుకొచ్చింది. బార్లీ నీళ్లలో వేస్తే అది మగ్గిన అరటిపండు వాసన, ఆ వెనకే సన్నగా లవంగం వాసన పుట్టించేది. మే నెల ఎండకు కూడా చలించేది కాదు. అలాంటి ఈస్టు భూమండలం మీద మరొకటి లేదని ఆమె విశ్వాసం. ఎవరూ కాదనలేదు. ఎవరినీ అడగలేదు.

ఇలా పులియబెట్టుకోవడానికి అనుమతులిచ్చే కార్యాలయం పేరు గృహ కిణ్వన ప్రోత్సాహ మరియు నియంత్రణ శాఖ. అందులో ప్రోత్సాహానికి ఒక గుమాస్తా, నియంత్రణకు నూటపద్నాలుగు మంది ఉండేవారు. ప్రోత్సాహం గుమాస్తా దీర్ఘకాలిక సెలవులో ఉన్నాడు.

లైసెన్సుకు ముందు తనిఖీకి సహాయ సంచాలకులు గండ్రేటి శేషశయనం గారు స్వయంగా వచ్చారు. ముప్పై ఏళ్లుగా దస్త్రాలు రాసి రాసి ఆయన మాట కూడా దస్త్రమైపోయింది. 'నేను' అన్న మాట ఆయన నోట విన్నవాళ్లు లేరు.

"కాఫీ తీసుకుంటారా అండీ?" అని అడిగింది పద్మాసని.

"సేవించబడును," అన్నారు శేషశయనం గారు. సేవించారు. కప్పు కింద పెట్టి, "రిఫ్రిజిరేటరు నందు ఐదు గాజు గొట్టములు గమనించబడినవి. అవి ఏమి?" అన్నారు.

"నా ఈస్టండీ. ఒకటి పాడైనా మరొకటి ఉంటుందని ఐదు చోట్ల పెట్టాను."

"నిబంధన తొమ్మిది. ఒక లైసెన్సుకు ఒక పాత్ర, ఒక బీజము. నాలుగు బీజములు అధికము."

"అయ్యో, అవి అధికం కాదండీ, జాగ్రత్త."

"జాగ్రత్త అను పదము నిబంధనలలో లేదు."

నాలుగు గొట్టాలనూ ఇద్దరు సాక్షుల ఎదుట మరిగే నీళ్లలో వేశారు. పద్మాసని వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి చూసింది. పదకొండేళ్ల సంసారంలో ఇక మిగిలింది ఒక్క గొట్టం. దాన్ని ఆ వారమే ఇరవై లీటర్ల బార్లీ నీళ్లలో వేయాలి. ఆ బకెట్టు చెడితే అరటిపండు వాసన ఈ లోకం నుంచి వెళ్లిపోయినట్టే.

వెళ్తూ వెళ్తూ శేషశయనం గారు లైసెన్సు ఆమె చేతిలో పెట్టి, అందులో ఎర్ర సిరాతో గీసిన వాక్యాన్ని వేలితో చూపారు. 'నిబంధన పద్నాలుగు. అధికారము గల ఉద్యోగి సమక్షమున తప్ప ఏ పదార్థమునూ పులియరాదు.'

* * *

అధికారము గల ఉద్యోగి మర్నాడు పదిన్నరకు మడత కుర్చీతో, క్యారేజీతో, మూడంగుళాల మందం ఉన్న రిజిస్టరుతో వచ్చాడు.

"నమస్కారమండి మేడం గారు. కర్రి ముత్యాలరావండి, పర్యవేక్షకుణ్ణి. మీ బకెట్టు దగ్గర ఏశారండి నన్ను."

"ఏం చేస్తావయ్యా ఇక్కడ?"

"పులుస్తుంటే సూస్తానండి. బుడగలొచ్చినప్పుడల్లా రాసుకుంటానండి. ఆయ్."

పద్మాసని ముందురోజే బార్లీ మొలకల పిండిని వేడినీళ్లలో నానబెట్టి, తియ్యటి రసం తీసి, చేదు కోసం హాప్స్ పువ్వులు వేసి మరిగించి చల్లార్చింది. ఆ రసాన్ని తెల్లటి ప్లాస్టిక్ బకెట్టులో పోసి, ముత్యాలరావు సమక్షంలో ఈస్టు వేసి, మూత బిగించింది. మూత మధ్యలో ఒక వంకర గాజు గొట్టం, అందులో కాసిని నీళ్లు. లోపల పుట్టిన గాలి ఆ నీళ్లలోంచి బుడగై పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. దాన్ని ఎయిర్‌లాక్ అంటారని ఆమె చెప్తే ముత్యాలరావు రిజిస్టరులో 'బుడగల ద్వారము' అని రాసుకున్నాడు.

సాయంత్రం ఐదున్నరకు అతను కుర్చీ మడిచాడు.

"ఇక ఆపెయ్యండి మేడం గారు."

"ఏమిటి ఆపేది?"

"పులవడమండి. నేనెల్లిపోతున్నాను గదండి."

"ఇది ఆగదయ్యా. కుళాయి కాదు. ఈస్టు బతికున్నంతసేపూ తింటూనే ఉంటుంది. వారం రోజులు ఆపకుండా పనిచేస్తుంది."

ముత్యాలరావు ముఖం చిన్నబోయింది. "వారం రోజులు ఆపకుండా పనిచేసేవోళ్లని మా శాఖలో నేనెప్పుడూ సూళ్లేదండి. కానీ నేను లేనప్పుడు పులిస్తే పద్నాలుగండి. మీ లైసెన్సు రద్దండి, బకెట్టు మరగబెట్టేస్తారండి. మీరు సదువుకున్నోరు, ఏదో మార్గం సెప్పండి."

మరగబెట్టడం అన్న మాట విన్నాక పద్మాసని మార్గం ఆలోచించింది. చల్లబడితే ఈస్టు నిద్రపోతుంది. చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఆనాటి నుంచి రోజూ ఐదున్నరకు బకెట్టును ఐసు నింపిన తొట్టిలో దించడం, మర్నాడు పదిన్నరకు తీసి ఎండలో పెట్టి లేపడం మొదలైంది. ముత్యాలరావు భోజనానికి వెళ్లే అరగంట తడి గోనెపట్టా కప్పేవాళ్లు. రెండో శనివారం, ఆదివారం, అతనికి జ్వరం వచ్చిన సోమవారం, బకెట్టు మూడు రోజులూ ఐసులోనే ఉంది. పన్నెండు గంటలకల్లా ఈస్టు బద్ధకంగా కళ్లు తెరిచి, రెండింటికి పనిలోకి దిగి, ఐదింటికి ఊపందుకునేది. ఐదున్నరకు ఐసు. పది రోజులయ్యేసరికి అది అచ్చంగా శాఖ ఉద్యోగిలా తయారైంది.

"పిల్లలు పడుకున్నారాండి?" అని ముత్యాలరావు వెళ్లే ముందు మూత మీద చెయ్యి వేసి అడిగేవాడు.

"పడుకోబెట్టావు కదయ్యా," అనేది పద్మాసని.

* * *

అసలు గొడవ బుడగల దగ్గర వచ్చింది. రిజిస్టరులో మొదటి రోజు నుంచి బుడగల సంఖ్య సున్నా. ఈస్టు మందకొడిగానే అయినా పనిచేస్తోందని పద్మాసనికి తెలుసు. రోజూ కాస్త రసం తీసి, హైడ్రోమీటరు అనే గాజు బెండును అందులో తేలవేసి చూస్తోంది. చూశాక ఆ రసాన్ని నిబంధన తొమ్మిది ప్రకారం మరగబెట్టి పారబోస్తోంది. తీపి తగ్గేకొద్దీ ఆ బెండు మునుగుతుంది, కొంచెం కొంచెంగా మునుగుతోంది కూడా. మరి పుట్టిన గాలి ఎటు పోతోంది? ఒక అగరొత్తి వెలిగించి మూత అంచు చుట్టూ తిప్పింది. ఒకచోట పొగ ఉన్నట్టుండి పక్కకు తోసుకుపోయింది. ఆ చోట శాఖవారి ఎర్ర నాడా ఉంది.

మూత ఎవరూ తీయకుండా శాఖ మొదటి రోజే దానికి సీలు వేసింది. సీలు వేసే పద్ధతి ప్రకారం నాడా ఒక కొస బకెట్టు లోపలి అంచుకు అంటించి, మూత కిందుగా బయటికి తీసి, పైన ముడివేసి, ముడి మీద లక్క పోయాలి. ఆ నాడా మందాన మూత ఒక పక్క పైకి లేచి ఉంది. గాలంతా ఎయిర్‌లాక్ ముఖం చూడకుండా నాడా పక్కనుంచి పోతోంది. నమూనా తీసుకునే కుళాయి బకెట్టు అడుగున ఉండబట్టి ఆమె ఇన్నాళ్లూ మూత జోలికి పోలేదు.

"ఈ నాడా తీసేస్తే బుడగలు వస్తాయి ముత్యాలరావూ."

"తీస్తే ఆరు నెలలండి."

"ఎవరికి?"

"ఇద్దరికీనండి."

నాడా ఉండిపోయింది. సున్నాలు పైకి వెళ్లాయి. మూడో నాటికి శేషశయనం గారు చంకలో ఒక పుస్తకంతో దిగారు. దాని పేరు 'కిణ్వన లోప నివారణ కరదీపిక'. బీరు కాచేటప్పుడు మామూలుగా వచ్చే చిక్కులన్నిటికీ అందులో పరిష్కారాలున్నాయి. దాన్ని రాసిన సంఘంలో ఏడుగురు సభ్యులు. ఏడుగురూ వేరే శాఖల క్రమశిక్షణ చర్యల విభాగాల నుంచి వచ్చినవారు.

"లోపము ఒకటి," అని చదివారాయన. "బుడగలు రాకపోవుట. కారణము: సిబ్బంది అలసత్వము. నివారణ: సంజాయిషీ కోరవలెను. ఈ బకెట్టు నందలి సిబ్బంది సంఖ్య ఎంత?"

"సిబ్బంది అంటే... ఈస్టు కణాలా అండీ? సుమారు ఇరవై వేల కోట్లు."

శేషశయనం గారి కలం ఆగింది. "పర్మనెంటా, కాంట్రాక్టా?"

"అవి అలా ఉండవండీ. బాగా వెచ్చగా ఉంటే గంటన్నరకోసారి రెట్టింపవుతాయి."

"రెట్టింపా!" ఆయన కుర్చీలోంచి సగం లేచారు. "ఆర్థిక శాఖ అనుమతి లేకుండా కొత్త నియామకములా? గంటన్నరకోసారా?"

"వాటంతట అవే విడిపోతాయండీ. ఒకటి రెండవుతుంది."

"అనగా బంధువర్గమే," అన్నారాయన గంభీరంగా, రాసుకుంటూ.

నాడా సంగతి పద్మాసని ఎంత వివరించినా లాభం లేకపోయింది. సీలు వేసే పద్ధతి వేరే విభాగానిది. సంజాయిషీ కాగితం ఇరవై వేల కోట్ల ప్రతులు కొట్టడం సాధ్యం కాదు గనుక ఒకటే ప్రతి బకెట్టుకు అంటించి, ముత్యాలరావు చేత గట్టిగా చదివించారు. 'విధి నిర్వహణ యందు మీరు చూపుచున్న ఉదాసీనత ప్రభుత్వము దృష్టికి వచ్చినది. బుడగలు విడువకుండుటకు గల కారణములను మూడు రోజులలోగా తెలుపనిచో, తెలుపుటకు మీ వద్ద ఏమియూ లేదని భావించి తగు చర్య గైకొనబడును.' చదవడం అయ్యాక ముత్యాలరావు మూతకు దగ్గరగా వంగి, "ఏం అనుకోకండమ్మా, డ్యూటీ," అన్నాడు.

ఆ తర్వాత నాలుగో రోజున బకెట్టులోంచి వెన్న వాసన వచ్చింది. ఈస్టు పని మధ్యలో ఆ వాసనను తానే పుట్టిస్తుంది, పని ముగించేటప్పుడు తానే మింగేస్తుంది. మధ్యలో పదే పదే నిద్రపుచ్చితే మింగేవాళ్లుండరు. మందు ఒకటే. నాలుగు రోజులు వెచ్చగా, కదిలించకుండా వదిలెయ్యాలి. కరదీపికలో మాత్రం 'లోపము నాలుగు: వెన్న వాసన. నివారణ: దస్త్రమును పాడిపరిశ్రమ శాఖకు బదిలీ చేయవలెను' అని ఉంది. బదిలీ చేశారు. పాడిపరిశ్రమ శాఖవారు వాసనకు గేదె ఎక్కడ అని అడిగి తిప్పి పంపారు.

* * *

పక్కింటి కాసులమ్మ వీధి మొగలో ఇడ్లీ బండి నడిపేది. నోరు కాస్త పెద్దది. రోజూ గోడ అవతల నుంచి చూసి చూసి, ఒక పూట ఊరుకోలేకపోయింది.

"ఏవమ్మా పద్మమ్మ గారూ, బకెట్టుకి కాపలా మనిషా! మా ఇంట్లో రెండు గుండిగల పిండి పులుస్తంది, దానికి ఏ మొగాడూ కుర్చీ ఏసుకు కూకోలేదే! ఏం బాబూ, బీరు పులిస్తేనే సూత్తావా, మా పిండి నీ కంటికి ఆనలేదా?"

ముత్యాలరావు నవ్వలేదు. లైసెన్సు తీసి పద్నాలుగో నిబంధన మళ్లీ చదివాడు. 'ఏ పదార్థమునూ' అని ఉంది. పదిహేనేళ్ల సర్వీసులో ఏనాడూ ఏ అనుమానాన్నీ తనలో దాచుకోని మనిషి. ఇడ్లీ పిండి పదార్థమేనా అని స్పష్టత కోరుతూ పైకి రాశాడు.

"ఎందుకు రాశావయ్యా?" అంది పద్మాసని నెత్తి కొట్టుకుంటూ.

"రాయకపోతే తెలిసి దాసినట్టవుద్ది గదండి."

వారంలో జవాబు వచ్చింది. ఇడ్లీ పిండి పదార్థమే. దోసెల పిండి పదార్థమే. పెరుగు పదార్థమే. వీటిని ఇళ్లల్లో అధికారి లేకుండా పులియబెట్టడం ఇన్నేళ్లుగా జరుగుతున్న ఘోరమని శాఖ గుర్తించింది. పట్టణంలోని పిండి గిన్నెలన్నీ ఉదయం పదిన్నరకు కార్యాలయం ఆవరణకు తెచ్చి, టోకెను తీసుకుని, పర్యవేక్షణలో పులియబెట్టుకుని, ఐదున్నరకు ఐసు మీద పెట్టి ఇంటికి తీసుకుపోవాలని దండోరా వేయించారు.

మర్నాడు కార్యాలయం ముందు నాలుగు వేల గిన్నెలు. సగం పులిసిన పిండితో వేసిన ఇడ్లీలు పళ్లెంలో పడితే చప్పుడు వినిపించేది. ఐసంతా పిండికి పోవడంతో రేవులో చేపలు కుళ్లాయి. కుళ్లడం పులియడం కిందికి వస్తుందా అని రేవు పర్యవేక్షకుడు స్పష్టత కోరాడు. ఈ లోపల పశువైద్యాధికారి ఒకాయన శాస్త్రోక్తంగా ఒక లేఖ రాశాడు. గేదె తిన్న గడ్డి దాని మొదటి పొట్టలో ఇరవై నాలుగు గంటలూ పులుస్తూనే ఉంటుందనీ, ఈ విషయం శాఖ దృష్టికి తేవడం తన బాధ్యత అనీ. దాంతో పట్టణంలోని గేదెలకు పర్యవేక్షకులను నియమించారు. ఐదున్నరకు గేదెల మీద ఐసు గోనెలు కప్పడం మొదలైంది. గేదెలు మాత్రం ఈ నిబంధనను ఎంతో హర్షించాయి. ఒకసారి ఐసు కింద పడుకున్న గేదె పాలకు కూడా లేవలేదు.

చివరికి మనిషి పేగుల్లో కూడా కొంత పులుస్తుందని ఎవరో కనిపెట్టారు. ఉద్యోగులు ఎల్లప్పుడూ తమ సమక్షంలో తామే ఉంటారు గనుక వారి పొట్టలు నిబంధనకు లోబడినట్లే భావించాలని ఉత్తర్వు వచ్చింది. నిద్రలో ఉన్నప్పుడు తమ సమక్షంలో ఉన్నట్టా కాదా అన్నది న్యాయ సలహాకు వెళ్లింది.

ముత్యాలరావుకు ఇప్పుడు బకెట్టుతో పాటు పదకొండు గుండిగలు, రెండు గేదెలు అదనపు బాధ్యత. పద్మాసని దగ్గరికి రోజుకు ముప్పావుగంట వచ్చేవాడు. మిగతా సమయమంతా బకెట్టు ఐసులోనే. కుళాయి నుంచి తీసిన చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, పది కణాల్లో మూడు చచ్చి ఉన్నాయి.

"మిగిలిన ఏడూ బతికి బయటపడాలి ముత్యాలరావూ. ఈ బకెట్టు తప్ప నాకు ఇంకెక్కడా లేవు."

"నాకు తెల్దాండి," అన్నాడు అతను, గేదె ఐసులో తడిసిన చేతులు తుడుచుకుంటూ. "రోజూ సూసేవోణ్ణే గదండి."

* * *

మార్చి ముప్పై ఒకటి వచ్చింది. ఆ తేదీకల్లా, మొదలుపెట్టిన పని ఏదైనా పూర్తి కావలసిందే; పూర్తి కానిది మొదలు కానట్టే. శేషశయనం గారు ముప్పై ఆరు ఖాళీ సీసాలతో, మూతలు బిగించే యంత్రంతో వచ్చారు.

"కిణ్వనము నేటితో పూర్తి అయినట్లు నివేదించవలసి యున్నది. సీసాలలో నింపబడును."

పద్మాసని హైడ్రోమీటరు చూపించింది. "చూడండి, ఇంకా సగం తీపి అలాగే ఉంది. ఇప్పుడు సీసాల్లో బిగిస్తే ఈస్టు లోపల మళ్లీ లేస్తుంది. గాలి బయటికి పోయే దారి ఉండదు. ఎండలు ముదురుతున్నాయి. సీసాలు పేలిపోతాయండీ."

"నివేదికలో పూర్తి అయినది అని ఉన్నప్పుడు లోపల ఏమి లేస్తుంది?"

"నివేదికను ఈస్టు చదవలేదండీ!"

"చదివి వినిపించబడును," అన్నారాయన.

వినిపించారు. సీసాలు నింపి, సీలు వేసి, కార్యాలయం రికార్డు గదికి తరలించారు. పూర్తయిన పదార్థానికి ఐసు అక్కర్లేదు గనుక ఐసు పెట్టలేదు. బకెట్టు అడుగున గోధుమ రంగు గుజ్జులా పేరుకున్న ఈస్టుకు పద్మాసని రెండు చేతులూ అడ్డుపెట్టి, "ఒక్క చెంచాడు ఇవ్వండి. అడుక్కుంటున్నాను," అంది. ఆమె జీవితంలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

"పని పూర్తి అయిన పిదప బీజము నాశనము చేయబడును. నిబంధన ఇరవై రెండు. లైసెన్సు కాలము కూడా నేటితో ముగిసినది. అభినందనలు తెలియజేయడమైనది."

గుజ్జును ఆమె పొయ్యి మీదే మరగబెట్టారు. ముత్యాలరావు ఆ పని తనకు చెప్పకముందే గేదె పిలుస్తోందని వెళ్లిపోయాడు.

* * *

ఏప్రిల్ రెండో వారంలో వరసగా మూడు రోజులు సెలవులు వచ్చాయి. రికార్డు గదికి రేకుల కప్పు. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మొదటి సీసా పేలింది. అరగంటలో ముప్పై ఆరూ పేలాయి. వీధిలోవాళ్లు శాఖ ఏదో పండుగ చేసుకుంటోందనుకుని ఊరుకున్నారు.

మంగళవారం తలుపు తీస్తే నేలంతా గాజు, గోడలంతా నురగ మరకలు, బీరువాల్లోని దస్త్రాలన్నీ గోధుమ రంగు. పగిలిన గాజు ఎత్తించి, నేలను ఫినాయిలుతో మూడుసార్లు కడిగించారు. తడిసిన దస్త్రాలను మేడ మీద తీగలు కట్టి ఆరేశారు.

ఆ తర్వాత పెద్ద సమస్య వచ్చింది. సెలవు రోజున, అధికారి ఎవరూ లేని వేళ, శాఖ కార్యాలయంలోనే పదార్థం పులిసింది. పద్నాలుగో నిబంధన ప్రకారం గది ఎవరి అధీనంలో ఉందో వాళ్లే నేరస్తులు. గది శేషశయనం గారి అధీనంలో ఉంది. ఆయన నియమం తప్పే మనిషి కాదు. తనకు తానే సంజాయిషీ నోటీసు జారీ చేసుకుని, దాన్ని తానే అందుకుని, మూడు రోజుల గడువులోగా తనకు తాను సమాధానం సమర్పించుకున్నారు. సమాధానం తృప్తికరంగా లేదని రెండుసార్లు తిప్పి పంపుకున్నారు కూడా. మూడో సమాధానం ఆమోదం పొందింది. అది ఇది.

'అధికారి సమక్షమున తప్ప ఏ పదార్థమునూ పులియరాదు. ఆ దినమున అధికారి లేడు. కావున ఏదియూ పులియలేదు. పులియనందున సీసాలు పగులలేదు. పగులనందున దస్త్రములు తడియలేదు. తడిసినట్లు కనబడుట కేవలము చూచువారి అభిప్రాయము.'

ఈ సంగతంతా ముత్యాలరావు వచ్చి, గుమ్మంలో నిలబడి, దోషిలా చెప్పాడు. "అన్నీ పోయాయండి మేడం గారు. గాజు పెంకులు కూడా చెరువులో పోయించేశారండి. ఒక్క సీసా దాద్దామనుకున్నానండి, కానీ... నా వల్ల కాలేదండి."

పద్మాసని అడిగింది. "దస్త్రాలు ఆరేశారన్నావు. ఆరాక ఏం చేశారు?"

"మళ్లీ బీరువాలో పెట్టేశామండి. గోధుమరంగు మరకలండి, పెళుసుగా అయిపోయాయండి. తడవలేదు గదండి, అందుకని పారెయ్యడానికి లేదండి."

ఆమె లేచి, కళ్లజోడు తుడుచుకుని, బల్ల ముందు కూర్చుంది. ఎండిపోయిన ఈస్టు చావదు. నీళ్లు, తీపి దొరికేదాకా కాగితానికి అంటుకుని నెలలు నిద్రపోగలదు. సమాచార హక్కు చట్టాన్ని తీసి మొదటి నుంచి చదివింది. పౌరులు ప్రభుత్వ పత్రాల నకళ్లు అడగవచ్చునని అందరికీ తెలుసు. ఆ పక్కనే, పదార్థాల ధ్రువీకృత నమూనాలు కూడా పొందవచ్చునని ఉంది. అక్కడిదాకా చదివేవాళ్లు తక్కువ. ఆమె ఒక దరఖాస్తు రాసింది.

* * *

"ఏ దస్త్రము?" అన్నారు శేషశయనం గారు.

"పద్నాలుగో నిబంధన మూల ప్రతి అండీ. అన్నిటికన్నా కింది అరలో ఉందట."

"నకలు ఇవ్వబడును."

"నకలు వద్దండీ. కాగితం నమూనా కావాలి. అంచు నుంచి రెండంగుళాల ముక్క. చట్టంలో ఉంది, చూడండి."

ఆయన చూశారు. ఉంది. దస్త్రం తెప్పించారు. పేజీలు విప్పుతుంటే అప్పడాల్లా చప్పుడయ్యాయి. గదిలో సన్నగా మగ్గిన అరటిపండు వాసన తేలింది. పద్మాసని కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఈ కాగితమునకు ఏదో మరక..." అని ఆయన అనుమానంగా ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"మరకా అండీ? అయితే దస్త్రాలు తడిశాయా?"

శేషశయనం గారు చటుక్కున కాగితం దించారు. "తడియలేదు."

"సీసాలు పగిలాయా?"

"పగులలేదు. మరక లేదు. ఇది కాగితము యొక్క సహజ వర్ణము."

"అదే రాసి ఇప్పించండి. నమూనాతో పాటు ధ్రువీకరణ కూడా ఇవ్వాలని చట్టం."

ఒక అభ్యర్థి ఇంత సక్రమమైన దరఖాస్తు పెట్టడం ఆయన సర్వీసులో అరుదు. మనసు కరిగింది. కత్తెర తెప్పించి రెండంగుళాల ముక్క కత్తిరించి, శుభ్రమైన కవరులో పెట్టి, సీలు వేసి, స్వహస్తాలతో ధ్రువపత్రం రాసి, గుండ్రటి ముద్ర కొట్టారు. ఏ కోణం నుంచీ ఎవరూ వేలు పెట్టలేని విధంగా, భవిష్యత్తును కూడా కలుపుకుని రాశారు. 'ఈ కాగితపు ముక్కయందు గాని, దీని నుండి ఉద్భవించు దేనియందు గాని, పులిసినది, పులియుచున్నది, పులియబోవునది ఏదియూ లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.'

పద్మాసని ఇంటికి వచ్చి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, గాజు జాడీలో చల్లార్చిన బార్లీ రసం పోసి, పటకారుతో ఆ ముక్కను వదిలింది. ఎయిర్‌లాక్ బిగించింది. ఎర్ర నాడా లేదు. ధ్రువపత్రాన్ని జాడీ పక్కన గోడకు అంటించింది.

మూడో రోజు పొద్దున ముత్యాలరావు వచ్చాడు. ఆదివారం కావడంతో రిజిస్టరు లేదు, కుర్చీ లేదు. జాడీ చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"మేడం గారు... లైసెన్సు లేదు గదండి. ఇది పులుస్తందాండి?"

"గోడ మీద చదువు."

అతను పెదవులు కదుపుతూ చదివాడు. రెండోసారి చదివాడు. ముద్రను వేలితో తడిమి చూశాడు. తర్వాత నేల మీద బాసింపట్టు వేసుకుని జాడీ ముందు కూర్చున్నాడు. ఆమె పక్కనే పీట వేసుకుంది. ఇద్దరూ ఎయిర్‌లాక్‌లోని నీళ్లను చూస్తూ ఉండిపోయారు.

తొమ్మిదింబావుకు మొదటి బుడగ రాలేదు. మరో నిమిషానికి ఇంకొకటి రాలేదు. పది గంటలకల్లా నురగ జాడీ మెడ దాకా పొంగలేదు, గదినిండా అరటిపండు వాసన వేయలేదు. మధ్యాహ్నానికి నిమిషానికి ఇరవై చొప్పున బుడగలు రాకపోవడం మొదలైంది. సాయంత్రం ఐదున్నర దాటాక కూడా అవి ఎక్కడా ఆగకుండా రాకపోతూనే ఉన్నాయి.